పదవీకాల వివాదం నుంచి పుట్టిన సైనిక తిరుగుబాటు: తెలుగు డెస్కులో ఆ వార్తను రాయడం ఎలా?

2015 మే 13, బుధవారం. హైదరాబాద్‌లోని ఒక తెలుగు దినపత్రిక అంతర్జాతీయ డెస్కులో ఆ రాత్రి నేను విధుల్లో ఉన్నాను. బురుండి అధ్యక్షుడు పియరీ ఎన్‌కురుంజిజాను పదవి నుంచి తొలగించామని మేజర్ జనరల్ గోడెఫ్రాయ్ నియోంబారే అనే సైనికాధికారి రేడియోలో ప్రకటించినట్టు వార్తా ఏజెన్సీ కాపీ వచ్చింది. జిల్లా ఎడిషన్ల గడువు ముంచుకొస్తుండటంతో ‘బురుండి అధ్యక్షుడిని గద్దె దించిన సైన్యం’ అని శీర్షిక పెట్టి పేజీ వదిలేశాను. మే 15 నాటికి ఆ ప్రయత్నం విఫలమైంది. దానికి నాయకత్వం వహించినవారిలో కొందరు పట్టుబడ్డారు, నియోంబారే తప్పించుకున్నారు, ఎన్‌కురుంజిజా దేశానికి తిరిగివచ్చి పాలన సాగించారు. మా శీర్షిక ప్రకారం గద్దె దిగిన మనిషి నిజానికి గద్దె మీదే ఉన్నారు.

శీర్షిక తప్పు అందరికీ కనిపించింది. అంతకన్నా పెద్ద తప్పు వార్త లోపల ఉంది, దాన్ని ఎవరూ పట్టుకోలేదు. వార్త పొడవునా కాల్పుల గురించి, సంబరాల గురించి, మూసివేసిన విమానాశ్రయం గురించి రాసిన నేను, ఇదంతా ఎందుకు జరిగిందన్న చోట ‘మూడోసారి పోటీపై వివాదం’ అని మూడు మాటలతో సరిపెట్టాను. వార్త మొత్తం ఆ మూడు మాటల్లోనే ఉంది. మూడోసారి అని లెక్కపెట్టింది ఎవరు, ఏ అధికరణం ప్రకారం, ఎదుటివారి లెక్క ఏమిటి అన్న ప్రశ్నలకు జవాబు లేకపోతే, ఆ తుపాకులు ఆ నెలలో, ఆ వారంలోనే ఎందుకు లేచాయో పాఠకుడికి బోధపడదు. పదవీకాల వివాదం నుంచి పుట్టే సైనిక తిరుగుబాటు వార్తను బారకాసు (సైనిక శిబిరం) దగ్గర కాకుండా రాజ్యాంగం దగ్గర మొదలుపెట్టాలన్నదే నేను ఇక్కడ చెప్పబోయే పద్ధతి. కొత్తగా డెస్కులో చేరిన సబ్ ఎడిటర్లను ఉద్దేశించి రాస్తున్నాను కానీ, అశోక్‌నగర్, చిక్కడపల్లి గదుల్లో పోటీ పరీక్షలకు అంతర్జాతీయ పరిణామాల నోట్సు రాసుకునేవారికి కూడా ఇందులో చాలా భాగం పనికొస్తుంది.

ముందు మాటను తేల్చుకోండి

తెలుగులో ‘తిరుగుబాటు’ మీద మనం వేయని బరువు లేదు. 1857 నాటిది సిపాయిల తిరుగుబాటు, అల్లూరి సీతారామరాజు నడిపింది రంపా తిరుగుబాటు, 1946 ఫిబ్రవరిలో బొంబాయిలో మొదలైంది నావికుల తిరుగుబాటు. పార్టీ టికెట్ దక్కక స్వతంత్రంగా నామినేషన్ వేసిన నాయకుడు సైతం తిరుగుబాటు అభ్యర్థే. 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ వెంట రోహిల్లాలు, నగరవాసులు కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీపై చేసిన దాడికి కూడా హైదరాబాద్ చరిత్ర పుస్తకాల్లో అదే పేరు. ఇన్ని పనులకు ఒకే మాట వాడటం మనకు అలవాటైపోయింది కాబట్టి, విదేశీ కాపీలో వేర్వేరు మాటలు కనిపించినా అన్నింటినీ ‘సైనిక తిరుగుబాటు’ అనే ఒకే మూసలో పోసేస్తాం.

పోతపోసే ముందు వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: ఆ సైనికులు ఏం కోరుతున్నారు? పై అధికారి ఆజ్ఞను పాటించబోమని, లేదా ప్రభుత్వం తీసుకున్న ఒక నిర్ణయాన్ని వెనక్కి తీసుకోవాలని పట్టుబడితే అది ధిక్కారం. ప్రభుత్వాన్నే తీసేసి తాము కూర్చోవాలనుకుంటే అది అధికారాన్ని చేజిక్కించుకోవడం. 1946 నావికులు తిండి బాగాలేదని, బ్రిటిష్ అధికారులు అవమానిస్తున్నారని సమ్మెకు దిగారే గానీ ఢిల్లీ గద్దె ఎక్కాలని బయలుదేరలేదు. 2021 ఏప్రిల్‌లో సోమాలియా రాజధాని మొగదిషులో జరిగింది కూడా చాలావరకు ఆ కోవకే చెందుతుంది. ఫర్మాజోగా ప్రసిద్ధుడైన అధ్యక్షుడు మొహమ్మద్ అబ్దుల్లాహి మొహమ్మద్ పదవీకాలం ఆ ఏడాది ఫిబ్రవరి 8తో ముగిసింది. ఎన్నికలు జరగలేదు. దిగువ సభ ఏప్రిల్ 12న ఆయన పదవీకాలాన్ని మరో రెండేళ్లు పొడిగించింది. దాన్ని వ్యతిరేకించిన సైనికులు నగరంలోకి వచ్చి కొన్ని ప్రాంతాలను ఆక్రమించగా, ఏప్రిల్ 25న ప్రభుత్వ పక్షం వహించిన బలగాలతో కాల్పులు జరిగాయి. వారు కొత్త ప్రభుత్వాన్ని ప్రకటించలేదు, పొడిగింపు రద్దు కావాలన్నారు. మే 1న అదే సభ ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. గినీలో అదే ఏడాది సెప్టెంబర్ 5న జరిగింది వేరు. అక్కడ ప్రత్యేక దళాల అధిపతి కల్నల్ మామాడీ దుంబుయా మనుషులు అధ్యక్షుడు ఆల్ఫా కోందేను నిర్బంధించి, ప్రభుత్వాన్ని, రాజ్యాంగాన్ని రద్దు చేశామని టీవీలో ప్రకటించారు.

రెండింటి మీదా ‘సైనిక తిరుగుబాటు’ అని శీర్షిక పెడితే వ్యాకరణం తప్పు కాదు, కానీ పాఠకుడికి తేడా అందదు. అందుకే శీర్షికలో నామవాచకాన్ని ఒంటరిగా నిలబెట్టకుండా క్రియను వాడటం మేలు. ‘పదవి పొడిగింపుపై మొగదిషులో సైనికుల ధిక్కారం’, ‘గినీలో అధ్యక్షుడిని నిర్బంధించిన ప్రత్యేక దళాలు’ అని రాస్తే ఎవరు ఏం చేశారో తెలుస్తుంది. ‘కుట్ర’ అనే మాట విషయంలో మాత్రం నేను మొండిగా ఉంటాను. తెలుగులో కుట్ర అంటే నేరం. దాన్ని ప్రభుత్వం అంటే ప్రభుత్వం నోటితోనే అనిపించాలి, డెస్కు తన సొంత మాటగా వాడకూడదు. అదేవిధంగా ‘విముక్తి’ అనే మాటను టీవీలో కనిపించే సైనికాధికారులకే వదిలేయాలి.

మన పాఠకుడికి పదవీకాల పరిమితి ఎందుకు కొత్త

తెలుగు పాఠకుడికి రాష్ట్రపతి బాగా తెలిసిన పదవి. సర్వేపల్లి రాధాకృష్ణన్, వి.వి. గిరి, నీలం సంజీవరెడ్డి పేర్లు బడిలో చదువుకున్నవాళ్లమే. ఏటా శీతాకాల విడిదికి బొల్లారంలోని రాష్ట్రపతి నిలయానికి రాష్ట్రపతి రావడం కూడా నగరానికి అలవాటైన సంగతే. అయితే ఎన్నిసార్లు రాష్ట్రపతి కావచ్చన్న ప్రశ్న మన దగ్గర ఎన్నడూ వీధికెక్కలేదు. మన రాజ్యాంగం 57వ అధికరణం పదవిలో ఉన్నవారు, ఉండి వెళ్లినవారు మళ్లీ పోటీ చేయవచ్చని మాత్రమే చెబుతుంది, పరిమితి పెట్టదు. అయినా రెండు పూర్తి పదవీకాలాలు పనిచేసింది రాజేంద్రప్రసాద్ ఒక్కరే. అసలు అధికారం లోక్‌సభకు జవాబుదారీ అయిన మంత్రిమండలిది కాబట్టి, నచ్చని ప్రభుత్వాన్ని అవిశ్వాస తీర్మానంతో గడువుకు ముందే దించవచ్చు.

బురుండి, గినీ, నైజర్ వంటి దేశాల్లో అధ్యక్షుడు కార్యనిర్వాహక అధికారానికి, సైన్యానికి కూడా అధిపతి. ఆయనను మధ్యలో దించే సులభమైన దారి లేదు. క్యాలెండర్‌లో ఒక తేదీ ఉంటుంది, ఆ తేదీ వస్తే ఆయన వెళ్లాలి. ఎదురుచూస్తున్న ప్రతిపక్షానికి, అధికార పార్టీలోని రెండో వరస నాయకులకు, చివరికి జనరల్స్‌కు కూడా ఆ తేదీ మీదే ఆశ. దాన్ని వాయిదా వేస్తే ఇన్నేళ్లు ఓపిక పట్టినవారందరికీ ఒకేసారి దారి మూసుకుపోతుంది. ఈ సంగతిని వార్తలో రెండు వాక్యాల్లో చెప్పాలి, లేకపోతే ‘మూడోసారి నిలబడితే తప్పేముంది, జనం ఓటేస్తారుగా’ అని మన పాఠకుడు అనుకుంటాడు. ఆ ప్రశ్న అన్యాయమైనదేమీ కాదు. అమెరికాలో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ నాలుగుసార్లు గెలిచిన తర్వాతే, 1951లో, 22వ సవరణ ద్వారా ఈ పరిమితి రాజ్యాంగంలోకి ఎక్కింది.

లెక్క వేయండి, రెండు పక్షాల లెక్కా వేయండి

పని ఇక్కడే ఎక్కువ. ఒక తెల్లకాగితం తీసుకుని, అధ్యక్షుడు మొదట ఎప్పుడు, ఏ పద్ధతిలో ఎన్నికయ్యారు, ఆనాటి రాజ్యాంగం ప్రకారం పదవీకాలం ఎన్నేళ్లు, ఆ తర్వాత రాజ్యాంగం ఎప్పుడైనా మారిందా, ప్రస్తుత పదవీకాలం ముగిసే తేదీ ఏది అన్నవి రాసుకోవాలి. ప్రతి గడి పక్కన ఆ సంగతి ఎక్కడి నుంచి తీసుకున్నామో రాయాలి. ఏజెన్సీ కాపీలో ‘వివాదాస్పద మూడో పదవీకాలం’ అని ఉన్నంత మాత్రాన ఆ కాగితం నిండదు. రాజ్యాంగ పాఠం చూడాలి. పశ్చిమ, మధ్య ఆఫ్రికాలోని చాలా దేశాల రాజ్యాంగాలు ఫ్రెంచిలో ఉంటాయి, తార్నాకలోని ఇఫ్లూలో (ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) ఫ్రెంచి చదివినవారు ఈ నగరంలో తక్కువేమీ కాదు. అలాంటివారు ఒకరిద్దరితో పరిచయం పెట్టుకుంటే ఒక అధికరణాన్ని పావుగంటలో సరిచూసుకోవచ్చు. తిరుగుబాటు జరిగిన రాత్రి పరిచయం మొదలుపెడితే మాత్రం ఫలితం ఉండదు.

బురుండి లెక్క ఎలా ఉంటుందో చూడండి. 1993లో మొదలైన అంతర్యుద్ధంలో సుమారు 3 లక్షల మంది చనిపోయారు. నెల్సన్ మండేలా మధ్యవర్తిగా 2000 ఆగస్టు 28న టాంజానియాలోని అరుషాలో శాంతి ఒప్పందం కుదిరింది, ఎవరూ రెండు పదవీకాలాలకు మించి అధ్యక్షుడిగా ఉండరాదని అందులో ఉంది. 2005 రాజ్యాంగం 96వ అధికరణం, ప్రజలు ప్రత్యక్ష ఓటుతో అధ్యక్షుడిని ఐదేళ్లకు ఎన్నుకుంటారని, ఆ పదవీకాలం ఒకసారి మాత్రమే పునరుద్ధరణకు వీలవుతుందని చెబుతుంది. 302వ అధికరణం మాత్రం, పరివర్తన కాలం ముగిశాక వచ్చే మొదటి అధ్యక్షుడిని మినహాయింపుగా పార్లమెంటు ఎన్నుకుంటుందని చెబుతుంది. ఎన్‌కురుంజిజా 2005లో పార్లమెంటు ఓటుతో, 2010లో ప్రజల ఓటుతో అధ్యక్షుడయ్యారు. ఆయన పక్షం, ప్రజల ఓటుతో గెలిచింది ఒక్కసారే కాబట్టి 96వ అధికరణం కింద ఇంకొక అవకాశం మిగిలి ఉందని వాదించింది. ఎదుటి పక్షం, ఎలా ఎన్నికైనా పదేళ్లు పదేళ్లేనని, రాజ్యాంగానికి తల్లివేరైన అరుషా ఒప్పందం రెండుకు మించి ఒప్పుకోదని వాదించింది.

ఈ రెండు వాదాలనూ వాటి పూర్తి బలంతో ఒక్కొక్క వాక్యంలో రాయగలిగితే సగం పని అయినట్టే. అధ్యక్షుడి వాదన వినగానే నవ్వు రావచ్చు, కానీ 302వ అధికరణం రాజ్యాంగంలో ఉన్నదే, ఆయన కల్పించింది కాదు. దాన్ని దాచిపెట్టి రాసిన వార్త ఏకపక్షం అవుతుంది. అదేవిధంగా, 2014 మార్చిలో ఆయన మళ్లీ పోటీ చేసేందుకు వీలు కల్పించే రాజ్యాంగ సవరణ జాతీయ సభలో ఒకే ఒక్క ఓటు తేడాతో వీగిపోయిందన్న సంగతిని దాచినా ఏకపక్షమే అవుతుంది. హక్కు ముందే ఉంటే సవరణ ఎందుకు తెచ్చారన్న ప్రశ్న పాఠకుడికి దానంతటదే తడుతుంది, మనం వ్యాఖ్యానించనక్కరలేదు.

పరిమితిని దాటే దారులు అన్ని దేశాల్లోనూ ఇలాగే ఉండవు. నైజర్‌లో మమదు తాంజా రెండో పదవీకాలం 2009 డిసెంబర్‌లో ముగియాలి. ఆయన మద్దతుదారులు హౌసా భాషలో కొనసాగింపు అని అర్థం వచ్చే ‘తజార్చే’ నినాదం ఎత్తుకున్నారు. మే నెలలో పార్లమెంటును, జూన్‌లో తనకు వ్యతిరేకంగా తీర్పిచ్చిన రాజ్యాంగ న్యాయస్థానాన్ని ఆయన రద్దు చేశారు. ఆగస్టు 4న ప్రజాభిప్రాయ సేకరణ జరిపి పదవీకాలాన్ని మూడేళ్లు పొడిగించుకున్నారు. 2010 ఫిబ్రవరి 18న సైన్యం ఆయనను దించేసింది. బుర్కినా ఫాసోలో 1987 నుంచి పాలిస్తున్న బ్లేజ్ కంపావురే విషయంలో, 2000లో తిరిగి పెట్టిన పరిమితి అంతకుముందు గడిచిన కాలానికి వర్తించదని రాజ్యాంగ న్యాయస్థానం తేల్చడంతో ఆయన 2005లో, 2010లో పోటీ చేశారు. ఆ అవకాశం కూడా అయిపోయాక 37వ అధికరణాన్నే మార్చబోయారు. ఓటింగ్ జరగవలసిన 2014 అక్టోబర్ 30న జనం పార్లమెంటు భవనానికి నిప్పు పెట్టారు, మర్నాడు ఆయన రాజీనామా చేశారు. అక్కడ మొదట కదిలింది జనం, సైన్యం తర్వాత వచ్చి పగ్గాలు అందుకుంది. ఈ వరస తారుమారు చేసి రాస్తే వీధిలోకి వచ్చినవారి పాత్ర వార్తలోంచి మాయమైపోతుంది.

గినీలో 2010, 2015 ఎన్నికల్లో గెలిచిన కోందే, 2020 మార్చిలో కొత్త రాజ్యాంగానికి ప్రజాభిప్రాయ సేకరణ జరిపించారు. కొత్త రాజ్యాంగం వచ్చింది కాబట్టి పాత లెక్క చెల్లదని ఆయన పక్షం అన్నది. నిన్నటి దాకా తిరిగిన దూరాన్ని చెరిపేసి ఆటో మీటరును సున్నాకు తిప్పడమే అది. అదే ఏడాది అక్టోబర్‌లో మూడోసారి గెలిచారు, పదకొండు నెలలు తిరగకముందే దుంబుయా మనుషులు వచ్చారు.

హోండురస్ ఉదాహరణ ఇంకొక జాగ్రత్త నేర్పుతుంది. 2009 జూన్ 28 తెల్లవారుజామున సైనికులు అధ్యక్షుడు మాన్యుయెల్ జెలాయాను ఇంటి నుంచి తీసుకెళ్లి విమానంలో కోస్టారికాకు పంపించారు. కొత్త రాజ్యాంగ సభ కోసం నవంబర్ ఎన్నికల్లో అదనంగా నాలుగో బ్యాలెట్ పెట్టె పెట్టాలా అని ఆ రోజు ఆయన ప్రజలను అడగబోతున్నారు. తిరిగి ఎన్నిక కావడాన్ని నిషేధించే నిబంధనను ఎత్తివేయడానికే ఇదంతా అని ప్రత్యర్థులు ఆరోపించారు, ఆయన కాదన్నారు. అంటే అక్కడ ‘పదవీకాల పొడిగింపు’ ఒక ఆరోపణ, జరిగిన సంగతి కాదు. మన కాపీలో ‘పదవీకాలం పెంచుకోవడానికి ప్రయత్నించిన జెలాయా’ అని విశేషణంగా తగిలిస్తే ఒక పక్షం వాదనను తీర్పుగా మార్చినట్టే. అదే దేశంలో ఆ నిషేధాన్ని 2015లో సుప్రీంకోర్టు ఎత్తివేసింది, పదవిలో ఉన్న అధ్యక్షుడు 2017లో మళ్లీ ఎన్నికయ్యారు కూడా.

న్యాయస్థానం తీర్పు ఎక్కడ ఉన్నా దాని తేదీని వార్తలో పెట్టాలి. బురుండిలో ఏప్రిల్ 25న అధికార పార్టీ ఎన్‌కురుంజిజాను అభ్యర్థిగా ప్రకటించింది, మర్నాటి నుంచే నిరసనలు మొదలయ్యాయి, మే మొదటి వారంలో రాజ్యాంగ న్యాయస్థానం ఉపాధ్యక్షుడు న్యాయమూర్తులపై ఒత్తిడి ఉందంటూ రువాండాకు వెళ్లిపోయారు, ఆ వెంటనే ఆ న్యాయస్థానం ఎన్‌కురుంజిజాకు అనుకూలంగా తీర్పు చెప్పింది. మే 13 ఆ తర్వాత వచ్చింది. ఈ మూడు వారాలను ఒక పేరాలో వరసగా పేరిస్తే చాలు, నియోంబారే ప్రకటన ఆకాశం నుంచి ఊడిపడినట్టు కనిపించదు.

బారకాసులోకి వెళ్లినప్పుడు

లెక్క పూర్తయ్యాకే సైనికుల దగ్గరకు రావాలి. ఇక్కడ మన డెస్కులు చేసే అతి సాధారణమైన తప్పు తెగల లెక్క. బురుండి అనగానే హుటు, టుట్సి అని రాసేస్తాం. నియోంబారే హుటు, అధికార పార్టీకి పూర్వరూపమైన సాయుధ ఉద్యమం నుంచి వచ్చినవారు, సైన్యాధిపతిగా పనిచేసినవారు. గూఢచార విభాగం అధిపతిగా ఉంటూ మూడోసారి పోటీ వద్దని సలహా ఇచ్చి, 2015 ఫిబ్రవరిలో ఉద్వాసనకు గురైనవారు. శాంతి ఒప్పందం తర్వాత ఆ సైన్యాన్ని రెండు వర్గాలకు సగం సగం వచ్చేలా నిర్మించారు. చీలిక పార్టీ లోపల, సైన్యం లోపల వచ్చింది. కాబట్టి ఆ అధికారి హోదాతో పాటు ఏ దళానికి చెందినవారు, ఇంతకుముందు ఎవరికి సన్నిహితులు, ఎప్పుడు దూరమయ్యారు అన్నవి వెతకాలి. బుర్కినా ఫాసోలో 2015 సెప్టెంబర్ 16న తాత్కాలిక ప్రభుత్వాన్ని నిర్బంధించింది సైన్యం కాదు, కంపావురేకు కంచుకోటగా ఉన్న అధ్యక్ష భద్రతా దళం. మిగిలిన సైన్యం రాజధానికి బయలుదేరగానే వారం రోజుల్లో ఆ వ్యవహారం ముగిసింది. అక్కడ ‘సైన్యం’ అనే ఒక్క మాట వాడితే ఎవరు ఎవరిని ఓడించారో అర్థం కాదు.

తిరుగుబాటు నెగ్గిందా లేదా అన్నది ప్రకటనను బట్టి తేల్చకూడదని నాకు నా శీర్షికే నేర్పింది. ఆ రాత్రి నేను అడగవలసిన ప్రశ్నలు చాలా మామూలువి. అధ్యక్షుడు ఎక్కడున్నారు? ఎన్‌కురుంజిజా తూర్పు ఆఫ్రికా నేతల సమావేశానికి దార్ ఎస్ సలాం వెళ్లారు, అంటే స్వేచ్ఛగా ఉన్నారు. ప్రకటన ఏ రేడియోలో వచ్చింది? ప్రైవేటు రేడియోలో వచ్చింది, ప్రభుత్వ రేడియోలో కాదు. పదవిలో ఉన్న సైన్యాధిపతి ఏమన్నారు? తిరుగుబాటు విఫలమైందని ఆయన ప్రభుత్వ రేడియోలోనే చెప్పారు. మే 14న ప్రభుత్వ ప్రసార కేంద్రం చుట్టూనే భీకరంగా కాల్పులు జరిగాయి, అదే రోజుల్లో ప్రైవేటు రేడియో కేంద్రాలు దాడులకు, దహనాలకు గురై మూగబోయాయి. గినీ రాజధాని కొనాక్రీలో ఇదే ప్రశ్నలకు వేరే జవాబులు దొరికాయి. నిర్బంధంలో ఉన్న అధ్యక్షుడి దృశ్యాలు బయటికి వచ్చాయి, ప్రభుత్వ టీవీలో మాట్లాడింది దుంబుయా. జవాబులు సగమే దొరికినప్పుడు ‘తొలగించినట్టు ప్రకటన’ అని రాయడం పిరికితనం కాదు.

గడియారాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. బురుండిలోని బుజుంబురా మనకన్నా మూడున్నర గంటలు, మొగదిషు రెండున్నర గంటలు, నైజర్ రాజధాని నియామే నాలుగున్నర గంటలు, కొనాక్రీ ఐదున్నర గంటలు వెనక ఉంటాయి. వారి సాయంత్రపు పరిణామం మన సిటీ ఎడిషన్ ముగిసే వేళకు అందుతుంది. జిల్లా ఎడిషన్‌లో పెట్టిన శీర్షికను సిటీ ఎడిషన్‌కు మళ్లీ తెరిచి చూడటం తప్పనిసరి నియమంగా పెట్టుకోండి. (హోండురస్, గినీ సంఘటనలు రెండూ ఆదివారమే జరిగాయి. ఆదివారం డెస్కులో ఎంతమంది ఉంటారో తెలిసినవారికి ఈ సంగతి విడిగా వివరించనక్కరలేదు.)

మృతుల సంఖ్యను ఎప్పుడూ చెప్పినవారి పేరుతోనే ఇవ్వండి. ఖండనల జాబితాకు ఒక పేరా మించి స్థలం ఇవ్వకండి. అయితే ఆఫ్రికా యూనియన్ గురించి రాసేటప్పుడు ఒక అదనపు వాక్యం అవసరం. ప్రజాస్వామ్యం, ఎన్నికలపై 2007లో ఆ సంస్థ ఆమోదించిన చార్టర్‌లోని 23వ అధికరణం సైనిక తిరుగుబాటును మాత్రమే కాక, ప్రజాస్వామికంగా అధికారం చేతులు మారే సూత్రానికి భంగం కలిగించే రాజ్యాంగ సవరణను కూడా రాజ్యాంగ విరుద్ధమైన అధికార మార్పిడిగానే చూస్తుంది. కోందేను దించిన కొద్ది రోజుల్లోనే గినీ సభ్యత్వాన్ని సస్పెండ్ చేశారు, అంతకు ఏడాదిన్నర ముందు ఆయన మీటరు తిప్పినప్పుడు అలా చేయలేదు. తాంజా విషయంలో మాత్రం పశ్చిమ ఆఫ్రికా దేశాల ఆర్థిక కూటమి సైన్యం కదలడానికి ముందే, 2009 అక్టోబర్‌లోనే నైజర్‌ను సస్పెండ్ చేసింది. ఈ రెండూ పక్కపక్కన పెడితే పాఠకుడు తానే పోల్చుకుంటాడు.

టోలీచౌకిలో మాట్లాడేటప్పుడు

ఇలాంటి వార్త వచ్చిన మర్నాడు ‘మన నగరంలోని ఆ దేశం విద్యార్థులు ఏమంటున్నారు’ అని సిటీ బ్యూరోను పంపించడం ఆనవాయితీ. సోమాలియా, సూడాన్, ఇంకా ఎన్నో ఆఫ్రికా దేశాల యువతీయువకులు టోలీచౌకి, పారామౌంట్ కాలనీ పరిసరాల్లో ఉంటూ ఉస్మానియా అనుబంధ కళాశాలల్లో చదువుకుంటున్నారు. వారితో మాట్లాడటం మంచిదే, పద్ధతి మాత్రం తెలిసి ఉండాలి. వారి కుటుంబాలు ఆ నగరంలోనే, ఆ కాల్పుల మధ్యే ఉంటాయి. ఇక్కడ అన్న ఒక మాట ఫోన్లలో అక్కడికి చేరడానికి నిమిషాలు చాలు. పేరు, కళాశాల, ఫొటో ప్రచురించబోమని ముందే చెప్పి, ఆ మాట నిలబెట్టుకోవాలి. రాజకీయ అభిప్రాయం కోసం ఒత్తిడి చేయడం కన్నా, ఇంటికి ఫోన్ కలుస్తోందా, డబ్బు అందుతోందా, బ్యాంకులు తెరిచారా అని అడిగితే ఏజెన్సీ కాపీలో లేని నిజాలు దొరుకుతాయి. ఒకే దేశం నుంచి వచ్చిన ఇద్దరు ఒకే గదిలో ఉంటూ పదవీకాలం విషయంలో చెరో పక్షాన ఉండటమూ మామూలే, కాబట్టి ఒకరి మాటను ‘విద్యార్థుల అభిప్రాయం’గా రాయకూడదు. అక్కడ చిక్కుకున్న తెలుగువారి సంఖ్యను భారత రాయబార కార్యాలయం చెబితేనే రాయాలి.

పేర్ల విషయంలో రెండే మాటలు. ఫ్రెంచి వర్ణక్రమాన్ని ఇంగ్లిష్‌లా చదివితే దుంబుయా కాస్తా ‘డౌంబౌయా’ అవుతారు, కోందే ‘కాండే’ అవుతారు. ఒకసారి ఉచ్చారణ విని, స్టైల్ పుస్తకంలో రాసిపెట్టుకుంటే అన్ని ఎడిషన్లలో ఒకే పేరు వస్తుంది. నైజర్, నైజీరియా వేర్వేరు దేశాలు. గినీ, గినీ బిసావ్, ఈక్వటోరియల్ గినీ మూడూ వేర్వేరు దేశాలే, మ్యాపు పెట్టేటప్పుడు గ్రాఫిక్స్ విభాగానికి ఈ సంగతి నోటితో చెప్పండి, కాగితం మీద రాసి పంపితే చదవరు.

కాగితాన్ని పారేయవద్దు

మొదటి రాత్రి రాసుకున్న లెక్కల కాగితం ఏళ్ల తరబడి పనికొస్తుంది. బురుండిలో 2015 జులైలో ఎన్‌కురుంజిజా మూడోసారి గెలిచారు, 4 లక్షల మందికి పైగా దేశం విడిచి వెళ్లారు, 2018 ప్రజాభిప్రాయ సేకరణతో పదవీకాలం ఏడేళ్లయింది. అయినా 2020లో ఆయన పోటీ చేయలేదు, కొత్త అధ్యక్షుడు ప్రమాణం చేయకముందే జూన్ 8న మరణించారు. నైజర్‌లో తాంజాను దించిన సైనికాధికారులు 2011లో ఎన్నికైన మహమదు ఇసూఫుకు అధికారం అప్పగించారు, ఆయన రెండు పదవీకాలాలు పూర్తిచేసి 2021లో దిగిపోయారు. 2023 జులై 26న ఆయన వారసుడు మొహమ్మద్ బజూమ్‌ను సైన్యం కూలదోసినప్పుడు పాత ఫైలు తెరిచి, పదవీకాల వివాదం గురించిన పేరాను యథాతథంగా అతికించే పొరపాటు సులభంగా జరుగుతుంది. బజూమ్ మొదటి పదవీకాలంలో మూడో ఏడాదిలోనే ఉన్నారు, ఆ తిరుగుబాటుకు పరిమితి లెక్కతో సంబంధం లేదు.

గినీ ఫైలు ఇంకా మందంగా తయారైంది. 2021 సెప్టెంబర్‌లో సైనికాధికారులు తామే ప్రకటించిన పరివర్తన చార్టర్‌లో, పరివర్తన ప్రభుత్వంలో ఉన్నవారు తర్వాత జరిగే ఎన్నికల్లో పోటీ చేయరాదని రాసుకున్నారు. 2025 సెప్టెంబర్‌లో ప్రజాభిప్రాయ సేకరణతో వచ్చిన కొత్త రాజ్యాంగంలో ఆ నిషేధం లేదు. డిసెంబర్‌లో జరిగిన అధ్యక్ష ఎన్నికల్లో దుంబుయా పోటీ చేసి గెలిచారు. కొత్త రాజ్యాంగం ప్రకారం పదవీకాలం ఏడేళ్లు, ఒకసారి పునరుద్ధరణకు వీలుంది. కోందే పేరుతో నిండిన పాత కాగితం వెనక్కి తిప్పి, మొదటి గడిలో దుంబుయా ఎన్నికైన తేదీ, పద్ధతి, చివరి గడిలో ఆ ఏడేళ్లు ముగిసే తేదీ రాసి, ఫైలును మళ్లీ అలమరలో పెట్టండి.